మూడు కిలోమీటర్ల సముద్రం

మలేషియాలోని పెనాంగ్ ద్వీపంలో, జార్జ్‌టౌన్ రేవుకి దగ్గర్లో, ఒక రైల్వే భవనం ఉంది. పైన గోపురం, గోపురానికి గడియారం, కింద ఒకప్పుడు టికెట్లు అమ్మిన గదులు, అన్నీ ఉన్నాయి. లేనివల్లా పట్టాలే. 1907 నాటి ఆ కట్టడం దగ్గరికి ఇన్నేళ్ళలో ఒక్క రైలూ రాలేదు. రావడానికి వీల్లేదు. రైలు ఆగేది సముద్రానికి అవతలి ఒడ్డున. జనం ఇక్కడ టికెట్టు కొనుక్కుని, పడవెక్కి, అవతల ప్రై అనే చోట దిగి రైలెక్కేవారు. ఇప్పుడందులో కస్టమ్స్ వాళ్ళ కార్యాలయం ఉంది.

దాని ముందునుంచి నేను ఎన్నిసార్లు నడిచానో లెక్కలేదు. అది రైల్వే వాళ్ళదని మాత్రం చాలాకాలం తెలియలేదు. చెప్పింది ఒక తెలుగు ముసలాయన. ఆయన సంగతికి తరవాత వస్తాను.

నాది కొవ్వూరు. 1996లో పెనాంగ్ ద్వీపంలోని ఒక ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వచ్చాను. ద్వీపంలో అద్దెలు ఎక్కువని, అవతలి ఒడ్డున బటర్‌వర్త్‌లో ఇల్లు తీసుకున్నాను. మొదటిరోజు ఫెర్రీ ఎక్కి, రెయిలింగ్ పట్టుకుని అవతలి ఒడ్డు చూస్తుంటే, ఎక్కడో చూసినట్టే అనిపించింది. గోష్పాద క్షేత్రం మెట్ల మీద నిలబడి రాజమండ్రి వైపు చూడడం చిన్నప్పటినుంచీ అలవాటు కదా, అదన్నమాట. రాజమండ్రికీ కొవ్వూరుకీ మధ్య గోదావరి ఎంత వెడల్పో, జార్జ్‌టౌన్‌కీ బటర్‌వర్త్‌కీ మధ్య సముద్రం ఇంచుమించు అంతే. మూడు కిలోమీటర్లు. కాకపోతే ఈ నీళ్ళు ఉప్పగా ఉంటాయి.

ఫెర్రీ అంటే మన లాంచీలాంటిది కాదు. రెండంతస్తుల భారీ ఇనప పంటు అనుకోండి. కోనసీమలో పంటు మీద లారీలూ ఎద్దుబళ్ళూ ఎక్కించడం చూసినవాళ్ళకి వెంటనే అర్థమవుతుంది. దానికి ముందూ వెనకా లేవు. రెండు చివర్లా ఒకేలా ఉంటుంది కనక ఒడ్డుకొచ్చాక వెనక్కి తిప్పక్కర్లేదు. వచ్చిన మొహంతోనే తిరిగి వెళ్ళిపోతుంది. ప్రయాణం ఓ పావుగంట, ఇరవై నిమిషాలు. ఇంకో తమాషా ఏమిటంటే, ఆ రోజుల్లో డబ్బులు బటర్‌వర్త్ వైపే తీసుకునేవారు, తిరుగు ప్రయాణానికి ఏమీ ఇవ్వక్కర్లేదు. దీవికి వెళ్ళినవాడు ఎలాగూ తిరిగి రావాలి కదా, ఒక్కసారే వసూలు చేస్తే సరిపోతుందన్న లెక్క.

నేను వచ్చేనాటికే పక్కన పెద్ద వంతెన ఉంది. పదకొండేళ్ళయింది కట్టి. అయినా ఫెర్రీలో పొద్దున్నా సాయంత్రం కాలు పెట్టడానికి చోటుండేది కాదు. మా గోదావరి మీద 1900లో రైలు వంతెన, 1974లో రోడ్డూ రైలూ కలిసిన వంతెన వచ్చాయి. ఆ రెండోది వచ్చాక రాజమండ్రి వెళ్ళడానికి లాంచీ కోసం చూసే పని తప్పిందని మా నాన్నగారు చెప్పేవారు. మరి ఇక్కడ వంతెన వచ్చినా పడవ ఎందుకు మిగిలింది? ఈ ప్రశ్న పట్టుకునే నేను ఈ రెండు ఊళ్ళ చరిత్ర తవ్వడం మొదలెట్టాను.

1786 ఆగస్టులో ఫ్రాన్సిస్ లైట్ అనే ఈస్టిండియా కంపెనీ మనిషి కెడా సుల్తాను ఏలుబడిలోని ఈ దీవిలో జెండా పాతాడు. దీవిలో రేవు వెలిసింది కానీ, జనానికి తిండి కావాలి, రేవుకి కాపలా కావాలి. అవతలి ఒడ్డు శత్రువు చేతిలో ఉంటే ఈ ఒడ్డుకి నిద్రపట్టదు. అందుకని 1800లో అవతలి తీరం కూడా తీసుకుని, దానికి ప్రావిన్స్ వెలెస్లీ అని పేరు పెట్టారు. అక్కడి రేవు ఊరికి బటర్‌వర్త్ అన్న పేరు తరవాత వచ్చింది. 1843 నుంచి 1855 దాకా ఈ ప్రాంతానికి గవర్నరుగా ఉన్నాయన ఇంటిపేరది. ఆయన అంతకుముందు మద్రాసు సైన్యంలో అధికారి.

మన వైపు జాడలు ఇంకా ఉన్నాయి. జార్జ్‌టౌన్‌లో సముద్రం దాకా సాగే వీధుల చివరి ముక్కలకి 'ఘాట్' అని పేరు. చూలియా వీధి ఘాట్, చర్చి వీధి ఘాట్, చైనా వీధి ఘాట్. మలయ్ భాషలో దాన్ని 'గాట్' అని రాస్తారు. మన స్నానఘట్టంలో ఉన్న ఘట్టమే అది. చైనా వీధి ఘాట్‌లోనే నేను చెప్పిన పట్టాల్లేని స్టేషనుంది. ఊరి నడిబొడ్డున పెద్ద మసీదుకి కపితాన్ కెలింగ్ మసీదని పేరు. కెలింగ్ అంటే కళింగం నుంచి వచ్చిన మాటే అంటారు. తూర్పు తీరం నుంచి ఓడలెక్కి వచ్చిన వాళ్ళందరినీ, తమిళులైనా తెలుగువాళ్ళైనా, ఆ పేరుతోనే పిలిచారు. కాలక్రమాన అది చిన్నచూపు మాటగా మారింది, అది వేరే కథ.

మొదట్లో ఈ నీళ్ళు దాటించింది చిన్న పడవలే. క్రమపద్ధతిలో ఫెర్రీ నడపడం 1894లో మొదలైంది. నడిపినాయన క్వా బెంగ్ కీ అనే పెనాంగ్ చైనా వ్యాపారి. అప్పటికి మలయాలో తగరం గనులు జోరుమీదున్నాయి. పెరాక్ నుంచి వచ్చే తగరపు ముడిసరుకుని కరిగించే కొలుములు జార్జ్‌టౌన్‌లోనూ వెలిశాయి, అవతల బటర్‌వర్త్‌లోనూ వెలిశాయి. 1903కల్లా ప్రై నుంచి దక్షిణాన సెరెంబాన్ దాకా రైలు మార్గం కలిసింది. అక్కణ్ణుంచి తగరం, ఆ తరవాత రబ్బరు, ప్రై దాకా రైల్లో వచ్చి, దొప్పల్లాంటి తోంగ్‌కాంగ్ పడవల్లో దీవికి చేరి, అక్కడ ఓడలెక్కి లండన్ దాకా పోయేవి. దీవి నుంచి ఇటువైపు గుడ్డలూ ఇనప సామానూ వచ్చేవి. 1924లో ఫెర్రీని హార్బర్ బోర్డు తన చేతుల్లోకి తీసుకుంది.

సరుకుతో పాటు మనుషులూ దాటారు. సొంత పనిమీద దాటినవాళ్ళు వేరు, ఎవరో దాటిస్తే దాటినవాళ్ళు వేరు.

ఇక్కడే ఆ ముసలాయన గురించి చెప్పాలి. 1997లో అనుకుంటాను, ఓ ఆదివారం ఫెర్రీలో మా ఆవిడా నేనూ మాట్లాడుకుంటుంటే, ఎదురు బల్ల మీదనుంచి ఒకాయన, "ఏ ఊరు బాబూ మీది?" అనడిగాడు. డెబ్భై ఏళ్ళుంటాయి. తెల్ల చొక్కా, చేతిలో గొడుగు. ఈ దేశంలో పెద్దవాళ్ళని ఎవరినైనా అంకుల్ అని పిలవడం మర్యాద కనక నేనూ అలాగే అన్నాను. "అంకులేటి బాబూ, తెలుగోడివి, మావయ్యా అనలేవా" అన్నాడు. ఆ రోజునుంచి మావయ్యగారే.

వాళ్ళ నాన్న శ్రీకాకుళం వైపునుంచి వచ్చాడట. ఊరి పేరు ఈయనకి సరిగా గుర్తు లేదు. అప్పట్లో మలయా వెళ్ళే కూలీలని మద్రాసు దగ్గర ఆవడిలోనూ నాగపట్నంలోనూ శిబిరాల్లో ఉంచి, ఓడలెక్కించేవారు. ఒప్పంద కూలీ పద్ధతి మలయాలో 1910లో రద్దయింది. ఆ తరవాత ఊళ్ళోంచి మనుషుల్ని పోగుచేసి తెచ్చే మేస్త్రీల పద్ధతి, అంటే కంగాణీ పద్ధతి సాగింది. ఓడ ఛార్జీలు తోటల యజమానులు కట్టిన నిధిలోంచి వచ్చేవి. 1938లో మన ప్రభుత్వం దాన్నీ ఆపేసింది. పెనాంగ్‌లో దిగినవాళ్ళని పక్కనున్న జెరెజాక్ అనే చిన్న దీవిలో, అంటురోగాల భయంతో, కొన్నాళ్ళు విడిగా ఉంచేవారు. ఏ రోగం లేదని తేలాక వదిలేవారు.

"మా అయ్య ఈ పెనాంగు పట్నం సూడనేదు బాబూ," అన్నాడాయన. "ఓడ దిగాడు, ఆ దీవిలో కూకున్నాడు, పడవెక్కాడు, ప్రైలో రైలెక్కాడు. అదుగో ఆ గడియారం దూరం నుంచి కనపడిందంట. అంతే. సచ్చిపోయేదాకా కొబ్బరితోటలోనే."

ఆ తోట పెరాక్‌లో బాగన్ దాతో దగ్గర. ఈనాటికీ మలేషియాలో తెలుగు గట్టిగా వినపడే ప్రాంతం అదే. ఆ గడియారం ఏమిటని నేనడిగితే, ఫెర్రీలోంచే వేలు పెట్టి చూపించాడు. అదీ నాకు స్టేషన్ గురించి తెలిసిన వైనం.

ఈ మూడు కిలోమీటర్ల నీళ్ళ చరిత్రలో నన్ను ఎక్కువగా వెంటాడేది 1941 డిసెంబర్. 8వ తేదీన జపాన్ యుద్ధం మొదలెట్టింది. 11న జార్జ్‌టౌన్ మీద పట్టపగలు బాంబులు పడ్డాయి. విమానాలని వింతగా చూడ్డానికి వీధుల్లోకొచ్చిన జనం వందలమంది చనిపోయారు. రేవు కూలీలూ పడవలవాళ్ళూ పారిపోయారు. 13వ తేదీ రాత్రి తెల్లవాళ్ళ ఆడవాళ్ళనీ పిల్లల్నీ రహస్యంగా ఫెర్రీల్లో అవతలికి దాటించి, రైలెక్కించి సింగపూర్ పంపేశారు. ఫెర్రీ నడపడానికి మనుషుల్లేకపోతే, మూడు రోజుల కిందట సముద్రంలో మునిగిపోయిన ప్రిన్స్ ఆఫ్ వేల్స్, రిపల్స్ యుద్ధనౌకల్లో బతికి బయటపడ్డ నావికుల్ని తెచ్చి నడిపించారు. మలయ్‌లకీ చైనావాళ్ళకీ భారతీయులకీ మాటమాత్రం చెప్పలేదు. కొద్దిరోజుల్లో సైన్యం కూడా వెళ్ళిపోయింది.

తెల్లారి చూస్తే దొరలు లేరు. కోట మీద బ్రిటిష్ జెండా మాత్రం ఎగురుతోంది. అది ఉన్నంతసేపూ బాంబులు పడతాయని, 'స్ట్రెయిట్స్ ఎకో' పత్రిక సంపాదకుడు శరవణముత్తు వెళ్ళి దాన్ని దించాడు. ఊరు ఖాళీగా ఉంది, ఇక బాంబులు వేయవద్దని రేడియోలో చెప్పాడు. రేడియో కేంద్రాన్నీ, రేవులో పడవల్నీ పాడుచెయ్యకుండా వదిలేసి వెళ్ళారు దొరలు. ఆ పడవలే తరవాత జపాన్‌వాళ్ళకి పనికొచ్చాయి. నూటయాభై ఏళ్ళు ఏలినవాళ్ళ మీద నమ్మకం ఎక్కడ పోయిందయ్యా అంటే, ఏ యుద్ధభూమిలోనో కాదు, ఈ ఫెర్రీ రేవులో పోయింది. ఎవరిని ఎక్కించుకున్నారు, ఎవరిని వదిలేశారు అన్నది జనం మర్చిపోలేదు.

యుద్ధం అయ్యాక మావయ్యగారు తోట వదిలి జార్జ్‌టౌన్ రేవులో కూలీగా చేరాడు. పెద్ద ఓడలు నడిసముద్రంలో ఆగితే తోంగ్‌కాంగుల్లోకి సరుకు దించి ఒడ్డుకు చేర్చేవాళ్ళు. బియ్యం బస్తా వీపు మీద వేసుకుని పలక మీద నడిచిన నడక ఆయన అరవై ఏళ్ళు దాటాక కూడా పోలేదు, కొంచెం ముందుకి వంగే నడిచేవాడు. జార్జ్‌టౌన్ 1957 జనవరి 1న నగరమైంది. కానీ ఆ నగరాన్ని బతికించిన సుంకం లేని రేవు హోదా 1969లో పోయింది. అప్పటికే సరుకు అవతలి ఒడ్డుకి జరగడం మొదలైంది. బటర్‌వర్త్‌లో లోతు నీళ్ళలో ఓడలు నేరుగా ఆగే రేవులు కట్టారు. 1967లో రైలు కూడా ప్రై దాటి బటర్‌వర్త్ దాకా వచ్చింది. ఇక పడవల్లో సరుకు దించి మోసే పనేముంది? పేరుకి పెనాంగ్ రేవే, కంటెయినర్లు దిగేది మాత్రం బటర్‌వర్త్ వైపు. దీవి మీదున్న పాత స్వెటెన్‌హామ్ పీర్ ఇప్పుడు విహార నౌకలు ఆగే చోటు.

"పని అటేపు ఎల్లిపోయింది, నానూ అటేపు ఎల్లిపోయాను," అన్నాడు మావయ్యగారు. ఒక్క ముక్కలో ఆర్థిక చరిత్ర చెప్పేశాడు.

సరుకు అటు పోతే, ఉద్యోగాలు ఇటు వచ్చాయి. 1972లో దీవికి దక్షిణాన బయాన్ లెపాస్‌లో ఫ్యాక్టరీలకి ప్రత్యేక మండలం తెరిచారు. ఇంటెల్ తన దేశం బయట పెట్టిన మొదటి ఫ్యాక్టరీ అక్కడిదే. వేలాది మంది ఆడపిల్లలు పనికి కుదిరారు. అవతలి ఒడ్డు నుంచి వచ్చేవాళ్ళు తెల్లవారుజామున ఫెర్రీ ఎక్కేవారు. కార్లూ లారీలూ పెరిగి, పండగొస్తే ఫెర్రీ వరుసలో గంటల తరబడి నిలబడాల్సి వచ్చేది. కూరగాయలూ కోళ్ళూ పెట్రోలూ అన్నీ ఆ వరుసలోనే. చివరికి 1985 సెప్టెంబర్ 14న పెనాంగ్ వంతెన తెరిచారు. పొడుగు పదమూడున్నర కిలోమీటర్లు, అందులో నీళ్ళ మీద ఎనిమిది పైచిలుకు. లారీలన్నీ అటు మళ్ళాయి. ఫెర్రీ పని అయిపోయిందనుకున్నారు అందరూ.

అయిపోలేదని అందరికీ తెలిసింది చాలా ఘోరంగా. 1988 జులై 31, ఆదివారం. బటర్‌వర్త్‌లో చైనావాళ్ళ గుడి ఉత్సవం, బుకిట్ మెర్తాజంలో సెయింట్ ఆన్ చర్చి ఉత్సవం ఒకేసారి వచ్చాయి. దీవి నుంచి జనం ఫెర్రీల్లో విరగబడి వచ్చారు. సాయంత్రం బటర్‌వర్త్ టెర్మినల్‌లో ఆ బరువుకి నడకదారి కూలిపోయింది. 32 మంది చనిపోయారు, పదహారు వందల మందికి పైగా గాయపడ్డారు. వంతెన వచ్చి మూడేళ్ళయ్యాక కూడా అంతమంది ఎందుకు పడవలో వచ్చారు? ఆ ప్రశ్నలోనే నా ప్రశ్నకి జవాబుంది.

వంతెన బండి ఉన్నవాళ్ళది. దాని మీద నడిచి వెళ్ళడానికి లేదు. పైగా అది ఊరికి దూరంగా, దీవి నడుం దగ్గర మొదలవుతుంది. ఫెర్రీ మాత్రం ఈ ఊరి బజారు నుంచి ఆ ఊరి రైలు స్టేషన్‌కీ బస్టాండుకీ నేరుగా వెళుతుంది. కారు లేని ఆయా, సైకిల్ మీద చేపలమ్మేవాడు, బడిపిల్లలు, మందుల కోసం పెద్దాసుపత్రికి వెళ్ళే మావయ్యగారు, వీళ్ళకి వంతెన ఉన్నట్టా లేనట్టా? మా గోదావరి మీద రైలూ బస్సూ రెండూ వంతెన ఎక్కాయి కనక లాంచీ లేకపోయినా పేదవాడి దారి మూసుకుపోలేదు. ఇక్కడ అలా కాదు. 2014లో ఇంకా దక్షిణాన, ఇరవై నాలుగు కిలోమీటర్ల రెండో వంతెన వచ్చింది. అదీ బండ్లకే. రెండు వంతెనలు రెండు ఊళ్ళ వాహనాల్ని కలిపాయి, మనుషుల్ని కలిపింది మాత్రం ఫెర్రీయే అనిపిస్తుంది నాకు.

అలాగని పాతదాన్ని పట్టుకు వేళ్ళాడమని కాదు. ఆ ఇనప ఫెర్రీలు ముసలివైపోయాయి. తరచూ ఒకటో రెండో మరమ్మతుకి వెళ్ళేవి, ఉన్నవాటి కోసం గంట కాసుకోవాల్సి వచ్చేది. ద్వీపాల పేర్లు పెట్టుకున్న ఆ రంగురంగుల ఫెర్రీలు, పులావ్ అంగ్సా, పులావ్ ఉందాన్, పులావ్ రిమావ్, 2020 డిసెంబర్ 31తో ఆగిపోయాయి. కరోనా రోజులు. మొహాలకి మాస్కులతోనే జనం వరుసలు కట్టి చివరిసారి ఎక్కారు. నేనూ మా అమ్మాయీ వెళ్ళాం. దానికి అప్పుడు పంతొమ్మిదేళ్ళు, ఈ ఒడ్డునే పుట్టింది. "నాన్నా, గోదావరి మీద ఇలాంటివి ఉండేవా?" అనడిగింది. ఉండేవన్నాను. నేను ఎక్కలేదని మాత్రం చెప్పలేదు.

మర్నాటినుంచి కార్లు ఎక్కించుకోవడం మానేశారు. నడిచేవాళ్ళకి వేగంగా పోయే చిన్న పడవలు, మోటారు సైకిళ్ళకి వేరే పడవ పెట్టారు. 2023 ఆగస్టులో నాలుగు కొత్త ఫెర్రీలు వచ్చాయి. ఒక్కోదానిలో 250 మంది మనుషులు, 50 మోటారు సైకిళ్ళు పడతాయి. కార్లకి చోటు లేదు. పాతవాటి మీద బెంగపెట్టుకున్నవాళ్ళు, అందులో నేనూ ఒకణ్ణి, సముద్రపు గాలి తగలదని సణుగుతాం కానీ, ఒకటి ఒప్పుకోవాలి. నూటముప్పై ఏళ్ళ తరవాత ఆ ఫెర్రీ మళ్ళీ కాలినడక వాళ్ళదైంది.

2019లో అవతలి ఒడ్డు సెబెరాంగ్ ప్రైకి కూడా నగర హోదా ఇచ్చారు. సెబెరాంగ్ అంటే 'అవతల' అని అర్థం. ఎవరికి అవతల? దీవిలో నిలబడి చూసేవాళ్ళకి. నగరమైనా పేరులో ఇంకా అవతలే. కానీ దీవిలో కుళాయి తిప్పితే వచ్చే నీళ్ళలో ఎక్కువభాగం ఆ అవతలి ఒడ్డునుంచి, మూడా నదినుంచి, సముద్రం అడుగున వేసిన గొట్టాల్లో వస్తాయి. ఈ నీళ్ళ మీదుగా సాగే సరుకు రవాణాలో ఎవరికీ కనపడనిదీ, ఒక్కరోజు ఆగినా బతకలేనిదీ అదొక్కటే.

మావయ్యగారు 2003లో పోయారు. కర్మకాండ అయ్యాక వాళ్ళబ్బాయి అస్థికలు సముద్రంలో కలపడానికి పడవ మాట్లాడితే నన్నూ రమ్మన్నాడు. బటర్‌వర్త్ ఒడ్డునుంచి బయల్దేరి మధ్యకి వెళ్ళాం. ఆ పక్కనుంచి పులావ్ ఉందాన్ జనంతో వెళుతోంది. అటు చూస్తే గడియారం గోపురం కనపడింది, వాళ్ళ తాతగారికి ఎంత దూరంనుంచి కనపడి ఉంటుందో ఇంచుమించు అంత దూరంలో.

2025లో ఇక్కడ కొత్త రైలు మార్గం పనులు మొదలయ్యాయి. అందులో ఒక భాగం జార్జ్‌టౌన్ నుంచి సముద్రం మీదుగా బటర్‌వర్త్ స్టేషన్ దాకా వేస్తారట. అది పూర్తయితే, పట్టాల్లేని ఆ స్టేషన్ కట్టిన నూట పాతికేళ్ళకో ఎప్పటికో ఊళ్ళోకి రైలొస్తుంది. సంతోషమే. టికెట్టు ధర ఎంత పెడతారన్నదే చూడాలి. గొడుగు పట్టుకుని ఆసుపత్రికి వెళ్ళే ముసలాయన ఎక్కగలిగితే అది ఫెర్రీకి వారసురాలు. లేకపోతే మూడో వంతెన.